మొదటిసారి స్కైడైవింగ్: బెజవాడ, గుంటూరు నుంచి వెళ్ళేవాళ్ళు ముందే అడిగి తెలుసుకోవాల్సినవి

అరండల్‌పేట అమ్మాయి (గుంటూరు):

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో నేనూ మా అన్నయ్యా టాండెం స్కైడైవ్ (ఒక్కొక్కరినీ ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టి దూకించేది) చేద్దామనుకుంటున్నాం. ఇద్దరికీ ఇదే మొదటిసారి. మన చుట్టుపక్కల ఎక్కడైనా ఉందా, దూరం వెళ్ళాల్సిందేనా? 10,000 అడుగుల నుంచి దూకితే నిమిషం పాటు గాల్లో పడతామని ఒకచోట రాశారు, అరనిమిషమేనని మరోచోట ఉంది. ఏది నిజం? అన్నయ్య 94 కిలోలు, కళ్ళజోడు ఉంది. నేను 51. అన్నిటికంటే ముఖ్యంగా, "పారాచూట్ తెరుచుకోకపోతే?" అని అమ్మ అడుగుతోంది. ఆవిడకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

గాలివాటం (తాడేపల్లి):

ముందు ఎక్కడ అన్నది చెబుతాను. విజయవాడలో గానీ గుంటూరులో గానీ స్కైడైవింగ్ డ్రాప్‌జోన్ (దూకి దిగే చోటు) లేదమ్మా. విమానం ఒక్కటి ఉంటే చాలదు. ఎయిర్‌స్ట్రిప్ కావాలి, ఆ పూటకి పైన ఆకాశం ఖాళీగా ఉంచాలి, కింద అడ్డూ ఆపూ లేని మైదానం ఉండాలి. గన్నవరంలో పొద్దుటి నుంచీ రాత్రి దాకా ప్రయాణికుల విమానాలే. చుట్టూ చూస్తే అంతా డెల్టా: కాలవలు, చెరువులు, హైటెన్షన్ తీగలు, నీళ్ళు పెట్టిన వరి మళ్ళు. గాలి పక్కకి తోస్తే దిగాల్సింది వాటిలోనే.

ఇంకో మాట. బీచ్‌లో బోటుకి తాడు కట్టి పైకి లేపేది పారాసెయిలింగ్. కొండ అంచు నుంచి రెక్క విప్పుకుని పరిగెత్తేది పారాగ్లైడింగ్. రెండూ మంచివే, కానీ స్కైడైవింగ్ కావు. "విమానంలోంచి దూకుతామా, నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో?" అని అడిగాకే డబ్బు కట్టండి.

మన దేశంలో మామూలు జనానికి టాండెం జంపులు చేయించే చోట్లలో హర్యానాలోని నార్నౌల్ ఒకటి. ఢిల్లీ నుంచి రోడ్డు మీద సుమారు మూడు గంటలు. ఉజ్జయినిలో కొన్ని రోజుల పాటు స్కైడైవింగ్ ఉత్సవం పెడుతుంటారు, ఆ తేదీలు ముందే చూసుకోవాలి. ఢిల్లీకి గన్నవరం నుంచి విమానం ఉంది, బెజవాడ నుంచి తమిళనాడు, జి.టి., కేరళ ఎక్స్‌ప్రెస్‌లున్నాయి. దిగిన రోజే జంప్ పెట్టుకోకండి. తిరుగు టికెట్‌కి కనీసం ఒక రోజు ఖాళీ వదలండి. మేఘం కిందకి ఉన్నా, గాలి ఎక్కువగా ఉన్నా, పొగమంచు పట్టినా విమానం లేవదు. ఉత్తరాదిన డిసెంబరు, జనవరిల్లో పొద్దుటిపూట మంచు వల్లే సగం రోజు పోతుంది. ఫిబ్రవరి కాస్త నయం.

లెక్కల మాస్టారు (బ్రాడీపేట):

మీరడిగిన 10,000 అడుగులకైతే అరనిమిషమే నిజం. దూకే ఎత్తు వేరైతే సమయమూ వేరు.

మొదటి 10 సెకన్లలో దాదాపు 1,000 అడుగులు పడతాం. అప్పటికి వేగం గంటకి 200 కిలోమీటర్ల దగ్గర నిలకడపడుతుంది. అక్కడి నుంచి ప్రతి 1,000 అడుగులకీ అయిదున్నర సెకన్లు. టాండెంలో పారాచూట్ సుమారు 5,500 అడుగుల దగ్గర తెరుస్తారు. కాబట్టి 10,000 నుంచి దూకితే ఫ్రీఫాల్ (పారాచూట్ తెరిచే దాకా పడటం) 30 సెకన్ల లోపే. 13,000 నుంచి అయితే 45 సెకన్లు దాటుతుంది. నిమిషం కావాలంటే 15,000 దాకా వెళ్ళాలి. 10,000 అడుగులని రాసి పక్కనే "60 సెకన్ల ఫ్రీఫాల్" అని రాశారంటే రెండిట్లో ఒకటి తప్పు.

మన ఊరి కొలతలో చెప్పాలంటే ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. 10,000 అడుగులు 3,048 మీటర్లు. రెండున్నర బ్యారేజీల్ని ఒకదాని మీద ఒకటి నిలువుగా నిలబెట్టినంత ఎత్తు. ఫ్రీఫాల్ వేగంతో ఒక బ్యారేజీ పొడవు దాటడానికి పట్టేది 22 సెకన్లు. సీతానగరం వైపు బ్యారేజీ ఎక్కి 22 లెక్కపెట్టేసరికి దుర్గ గుడి వైపు దిగిపోయినట్టు.

ఎత్తు అడిగేటప్పుడు "నేల నుంచా, సముద్రమట్టం నుంచా?" అని తప్పకుండా అడగండి. నార్నౌల్ లాంటి ఊరు సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే 1,000 అడుగులు. సముద్రమట్టం నుంచి 10,000 అని చెబితే నేల నుంచి 9,000 మాత్రమే. అయిదున్నర సెకన్ల ఫ్రీఫాల్ అక్కడే పోయింది.

జెయింట్ వీల్‌లో దిగేటప్పుడు కడుపులో కలిగే జారుడు ఇక్కడ పెద్దగా ఉండదు. దూకే సమయానికి విమానం గంటకి 150 కిలోమీటర్ల పైనే ముందుకి పోతుంటుంది, మీరూ అదే వేగంలో ఉంటారు. ఆ ముందు వేగం నెమ్మదిగా తగ్గుతూ ఉంటే కింది వేగం పెరుగుతూ వస్తుంది. ఒక్కసారిగా ఆధారం జారిపోయినట్టు అనిపించదు.

సర్దుడుబల్ల (విజయవాడ):

అమ్మగారి ప్రశ్న చాలా మంచి ప్రశ్న. టాండెంలో మీ వీపు మీద పారాచూట్ ఉండదు. మీ ఒంటికి హార్నెస్ (పట్టీల కట్టు) మాత్రమే. మెయిన్ (అసలుది), రిజర్వ్ (అది పనిచేయకపోతే వాడేది) రెండు పారాచూట్లూ ఇన్‌స్ట్రక్టర్ వీపు మీద ఒకే సంచిలో ఉంటాయి. మీ హార్నెస్‌ని ఆయన హార్నెస్‌కి నాలుగు చోట్ల కలుపుతారు: భుజాల దగ్గర రెండు, నడుము పక్కల రెండు. పై రెండూ విమానం ఎక్కాక తగిలిస్తారు, కింది రెండూ దూకే ముందు గట్టిగా బిగిస్తారు. ఆ బిగింపు ఇబ్బందిగా అనిపించినా వదులు చేయమని అడగొద్దు.

దూకిన కొద్ది సెకన్లకి ఇన్‌స్ట్రక్టర్ డ్రోగ్ అనే చిన్న పారాచూట్ వదులుతారు. ఇద్దరి బరువు, ఒకరి వెడల్పు కావడంతో అది లేకపోతే వేగం గంటకి 270 కిలోమీటర్లు దాటిపోతుంది. దాన్ని 200 దగ్గర పట్టి ఉంచేది డ్రోగే. తరవాత హ్యాండిల్ లాగితే అదే డ్రోగ్ మెయిన్‌ని సంచిలోంచి బయటికి లాగుతుంది. తాళ్ళ మీద స్లైడర్ అని నలుచదరపు గుడ్డ ఉంటుంది. గాలికి అది పైనే ఆగి, నెమ్మదిగా కిందకి జారుతూ పారాచూట్‌ని మూడు నాలుగు సెకన్లలో విప్పుతుంది. అది లేకుండా ఒక్క పెట్టున తెరుచుకుంటే మనిషికీ దెబ్బే, గుడ్డకీ దెబ్బే.

ఇప్పుడు తేడాలొచ్చే చోటు. ఎక్కువగా కనిపించేది తాళ్ళు మెలిపడటం. పారాచూట్ బాగానే తెరుచుకుంటుంది, కింద మనుషులు గిర్రున తిరుగుతారు. ఇన్‌స్ట్రక్టర్ తాళ్ళని విడదీసి పట్టుకుని కాళ్ళతో తంతూ మెలి విప్పుతారు. అప్పుడు మీరు కదలకుండా ఉంటే అదే సాయం. స్లైడర్ మధ్యలో ఇరుక్కోవడం, తాళ్ళలో ముడి పడటం, మెయిన్ సంచిలోంచి రాకపోవడం అంతకంటే అరుదు. పారాచూట్ నలుచదరంగా లేకపోయినా, చెప్పిన మాట వినకపోయినా ముందే అనుకున్న ఎత్తులో మెయిన్‌ని వదిలేసి రిజర్వ్ తెరుస్తారు.

ఆ వదలడం ఎలాగో దగ్గరగా చూపిస్తాను, అమ్మగారికి ధైర్యం వచ్చేది ఇక్కడే. రెండు భుజాల మీదా పెద్ద, మధ్య, చిన్న ఇనప రింగులు మూడేసి ఉంటాయి. చిన్నది మధ్యదాన్ని, మధ్యది పెద్దదాన్ని పట్టి ఉంచుతుంది. చిన్నదాన్ని పట్టి ఉంచేది వేలెడంత గుడ్డ లూపు. ఆ లూపులోంచి వెళ్ళే పసుపుపచ్చ కేబుల్ లాగితే మూడూ వరసగా విడిపోతాయి. ఒక్కో రింగూ మీట లాగా పనిచేయడం వల్ల ఇద్దరి బరువు వేలాడుతున్నా ఒక్క చేత్తో లాగితే వదిలేస్తుంది. మెయిన్ పోతూ పోతూ ఒక తాడుతో రిజర్వ్ పిన్నుని లాగుతుంది, ఇన్‌స్ట్రక్టర్ తన చేత్తో రిజర్వ్ హ్యాండిల్ కూడా లాగుతారు.

ఎవరూ ఏదీ లాగలేని పరిస్థితి వస్తే ఏఏడీ ఉంటుంది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తునీ, వేగాన్నీ కొలిచే చిన్న యంత్రం. సైప్రెస్ అనే బ్రాండ్‌లో టాండెం రకమైతే 1,900 అడుగుల దగ్గర కూడా సెకనుకి 35 మీటర్లకి మించిన వేగంతో పడుతుంటే రిజర్వ్ కట్టిన లూపుని తానే కోసేస్తుంది.

మీరు అడగాల్సినవి రెండే. ఏఏడీ ఉందా, ఆన్ చేశారా? రిజర్వ్ చివరిసారి ఎప్పుడు సర్దారు? మెయిన్‌ని జంప్ జంప్‌కీ సర్దుతారు. రిజర్వ్‌ని మాత్రం లైసెన్సున్న రిగ్గరే సర్ది, పిన్ను దగ్గర సన్నటి దారం కట్టి సీసపు ముద్ర వేస్తాడు. రిగ్‌లోనే (పారాచూట్లున్న ఆ సంచి సరంజామాలోనే) తేదీ కార్డు ఉంటుంది. అమెరికా నిబంధన ప్రకారం వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి మళ్ళీ సర్దాలి. కార్డు చూపించమంటే మంచి చోట ఎవరూ ముఖం చిట్లించరు.

కృష్ణలంక కుర్రాడు:

అన్నా, అన్నీ ఇన్‌స్ట్రక్టరే చూసుకుంటే మనకి పనేమీ లేనట్టేనా?

గాలివాటం (తాడేపల్లి):

పని ఉంది తమ్ముడూ, తక్కువే గానీ తప్పకూడనిది. తలుపు దగ్గర, ఫ్రీఫాల్‌లో, నేల దగ్గర.

తలుపు దగ్గర: అంచున కూర్చుని కాళ్ళు బయటికి వేలాడేసి మడమలు విమానం పొట్ట కిందకి మడవాలి. తల వెనక్కి ఇన్‌స్ట్రక్టర్ భుజానికి ఆనించాలి. చేతులు ఛాతీ దగ్గర హార్నెస్ పట్టీల మీద. భయానికి చెయ్యి తలుపు చట్రం మీదకి పోతుంది. అదే మొదటి తప్పు. మీరు పట్టుకుంటే ఇద్దరూ వంకరగా బయటపడి దొర్లుతారు, డ్రోగ్ వదలడానికి నిలకడ దొరకదు.

ఫ్రీఫాల్‌లో: నడుము ముందుకి, తల వెనక్కి, కాళ్ళు మోకాళ్ళ దగ్గర మడిచి ఇన్‌స్ట్రక్టర్ కాళ్ళ మధ్య వెనక్కి. బోర్లా పడుకోబెట్టిన అరటిపండు ఆకారం అనుకో. దాన్నే ఆర్చ్ అంటారు. ముడుచుకుపోతే షటిల్ కాక్ తలకిందులైనట్టు తిరగబడతారు. భుజం మీద తట్టాక చేతులు చాపొచ్చు. ఇన్‌స్ట్రక్టర్ చేతుల్ని గానీ, కంటికి కనిపించే ఏ హ్యాండిల్‌ని గానీ పట్టుకోకూడదు. ఊపిరి ఆడుతుంది. ఆడనట్టు అనిపిస్తే గట్టిగా కేక వేయి, ఊపిరి వదిలాక దానంతట అదే లోపలికి వస్తుంది.

నేల దగ్గర: కాళ్ళు పైకి. మొత్తం జంప్‌లో మనవాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే, అందుకే దీని గురించి ఇంకా రాయాలి. రాత్రికి వచ్చి రాస్తాను.

ఎన్‌సీసీ పాతకాపు (పెదకాకాని):

ఒక్క మాట. పారా కోర్సులో నేర్పేది కాళ్ళు రెండూ కలిపి, మోకాళ్ళు కాస్త వంచి, పాదాలతో నేల తాకి పక్కకి దొర్లమని. కాళ్ళు పైకి లేపితే నడుము విరుగుతుందంటారు. ఇదేంటి?

గాలివాటం (తాడేపల్లి):

మీరు చెప్పింది వందకి వంద శాతం సరైనదే, కానీ ఆ పారాచూట్‌కి. ఆగ్రా పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో కేడెట్లు 1,250 అడుగుల నుంచి స్టాటిక్ లైన్‌తో (విమానానికి కట్టి, దూకగానే పారాచూట్‌ని తెరిచే తాడుతో) దూకుతారు. అది గుండ్రటి పారాచూట్, దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. దెబ్బంతా కింది నుంచే వస్తుంది కాబట్టి కాళ్ళతో తీసుకుని దొర్లాలి.

టాండెం పారాచూట్ రెక్క లాంటిది, 330 నుంచి 400 చదరపు అడుగులు. కిందకి దిగడం కంటే ముందుకి పోవడమే ఎక్కువ. గాలి లేనిరోజు ముందుకి గంటకి 30 కిలోమీటర్ల పైనే ఉంటుంది. అందుకే గాలికి ఎదురుగా దిగుతారు: ఎదురుగాలి 15 ఉంటే నేల మీద మిగిలేది 15. చివర్లో ఇన్‌స్ట్రక్టర్ రెండు టాగుల్స్‌నీ (పారాచూట్‌ని నడిపే తాళ్ళ పిడుల్నీ) నడుము దాకా లాగి రెక్కని నిలబెడతారు, దాన్ని ఫ్లేర్ అంటారు. తరవాత స్కూటర్ ఆగినట్టు కూర్చుని జారుతూ ఆగడమే.

ఇప్పుడు ముందున్న మనిషి కాళ్ళు కిందకి వేలాడాయనుకోండి. ఇన్‌స్ట్రక్టర్ కాళ్ళ కంటే ముందు అవి నేలకి తగులుతాయి. పాదం అక్కడే ఆగిపోతుంది, వెనకాల ఇంకో మనిషి బరువు దాని మీదకి వస్తుంది. చీలమండ మెలిపడేది, ఎముక విరిగేది అలాగే. నేల దగ్గరకొచ్చే కొద్దీ నిలబడదామని కాళ్ళు వాటంతట అవే సాగుతాయి, ఆ సహజమైన కదలికనే ఆపుకోవాలి. "కాళ్ళు పైకి" అన్న మాట వినగానే మోకాళ్ళు ఛాతీ వైపు లాగి, చేతులు మోకాళ్ళ కింద పెట్టి, పాదాలు ముందుకి చాపి ఉంచండి. "లేవండి" అనే దాకా అలాగే.

డ్యూటీ డాక్టరు (గుంటూరు):

ఆరోగ్యం గురించి దాచకండి. ఫారం మీద సంతకం చేసేటప్పుడు "ఏమీ లేదు" అని టిక్ పెట్టేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఫిట్స్, మెడా నడుమూ డిస్క్ సమస్యలు, జారిన భుజం, ఈమధ్య జరిగిన ఆపరేషన్: వీటిలో ఏది ఉన్నా చూసే డాక్టరుని అడక్కుండా వెళ్ళొద్దు. గర్భిణులు అసలే వద్దు. రెటీనా ఆపరేషన్‌లో కంట్లో గ్యాస్ పెట్టించుకున్నవాళ్ళు అది కరిగే దాకా విమానం కూడా ఎక్కకూడదు.

జలుబు చాలామంది లెక్కచేయరు. ముక్కు బిగుసుకుపోయి ఉంటే ఎత్తు తగ్గేటప్పుడు చెవి లోపలి ఒత్తిడి సర్దుకోదు, కర్ణభేరికి దెబ్బ తగలొచ్చు. జంప్ వాయిదా వేసుకోవడమే మంచిది. మామూలుగా ఉన్నవాళ్ళు పారాచూట్ తెరుచుకున్నాక ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే చెవులు విడతాయి. థాయ్‌లాండ్ వెళ్ళి స్కూబా, స్కైడైవింగ్ రెండూ పెట్టుకునేవాళ్ళు స్కైడైవింగ్ ముందు చేయండి. స్కూబా ముందైతే 24 గంటలు ఆగండి.

ఖాళీ కడుపుతో వెళితే వాంతులు రావనుకోవడం పొరపాటు. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, మంచినీళ్ళు చాలు. ఆ పూట మిరపకాయ బజ్జీ, బిర్యానీ మానేయండి. ముందు రోజు నుంచీ మద్యం వద్దు. పారాచూట్ కింద వేలాడుతున్నప్పుడు తొడ పట్టీలు రక్తాన్ని కాళ్ళలోనే ఆపేసి కొందరికి కళ్ళు తిరుగుతాయి. చెమట పట్టినా, చెవుల్లో హోరు మొదలైనా వెంటనే చెప్పండి. ఇన్‌స్ట్రక్టర్ కింది రెండు కొక్కేల బిగువు తగ్గించి, తన పాదాల మీద మిమ్మల్ని నిలబడనిస్తారు, గిరగిరా తిప్పడం ఆపేస్తారు. మొహమాటానికి ఊరుకోవద్దు.

సర్దుడుబల్ల (విజయవాడ):

అన్నయ్యగారి బరువు సంగతి. ఎక్కువగా వాడే టాండెం రిగ్‌లలో ఇద్దరి బరువూ సామానూ కలిపి 500 పౌండ్లు మించకూడదు, అంటే 227 కిలోలు. రిగ్ పాతిక కిలోలు, ఇన్‌స్ట్రక్టర్ 85 అనుకుంటే మీకు మిగిలేది 117. అయినా చాలాచోట్ల 90కో 100కో గీత గీస్తారు. బరువు పెరిగితే దిగే వేగం పెరుగుతుంది, గాలి లేని మధ్యాహ్నం ఆ తేడా నేల మీద తెలుస్తుంది. బట్టలు, బూట్లతో తూచేసరికి 94 కాస్తా 96 అవుతుంది. బుక్ చేసేటప్పుడే నిజం బరువు చెప్పి, ఒప్పుకున్నట్టు రాతలో తీసుకోండి. కళ్ళజోడుకి ఇబ్బంది లేదు, దాని మీంచి పెట్టుకునే పెద్ద గాగుల్స్ ఉంటాయి, ముందే అడిగి ఉంచుకోండి.

మొగల్రాజపురం వదిన:

అమ్మాయిల కోసం నాలుగు ముక్కలు. చీర, చున్నీ, వదులు పలాజో వద్దు. ట్రాక్ ప్యాంటు, ఒంటికి పట్టే టీషర్టు, తాడు కట్టే బూట్లు. కొక్కేలున్న ట్రెక్కింగ్ బూట్లకి పారాచూట్ తాళ్ళు చిక్కుకుంటాయి, అవి వద్దు. జడ గట్టిగా అల్లి టీషర్టు లోపలికి వేసేయాలి, లేకపోతే మీ జుట్టు ఇన్‌స్ట్రక్టర్ ముఖం మీదే కొడుతుంది. గాజులు, జుంకాలు, ఉంగరాలు తీసి ఇంట్లోనే పెట్టండి. తాళి తీయడం ఇష్టం లేనివాళ్ళు గొలుసు పొట్టిగా మడిచి, టీషర్టు లోపల మెడికల్ టేప్‌తో ఒంటికి అంటించుకోవచ్చు. పైకి తేలితే ఛాతీ పట్టీకి తగులుకుంటుంది. హార్నెస్ వేసేటప్పుడు తొడ పట్టీ కింద బట్ట మడత పడకుండా చూసుకోండి, పారాచూట్ తెరుచుకోగానే ఆ మడతే ఒరుసుకుంటుంది. జేబుల్లో తాళాలు, ఫోను అస్సలు వద్దు.

చలి సంగతి మర్చిపోకండి. ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. కింద 22 ఉంటే 10,000 అడుగుల దగ్గర 2. ఫిబ్రవరి పొద్దుట లోపల ఫుల్‌హ్యాండ్స్ ఒకటి వేసుకోండి.

పటమట ఆడిటరు:

డబ్బు సంగతి. మన దేశంలో టాండెం జంప్ పాతిక వేల పైమాటే. ఆ ధరలో జీఎస్టీ ఉందా, వీడియో ఉందా, వీడియో ఇన్‌స్ట్రక్టర్ చేతి కెమెరాతోనా లేక వేరే మనిషి దూకి తీస్తాడా, వాతావరణం బాగోకపోతే డబ్బు వెనక్కిస్తారా, తేదీ మార్చడమేనా: అన్నీ కట్టే ముందే రాతపూర్వకంగా. మీ టర్మ్ పాలసీ, ప్రమాద బీమా పత్రాల్లో సాహస క్రీడల మినహాయింపు ఉందో లేదో చదవండి. చాలా పాలసీల్లో ఉంటుంది.

ఇన్‌స్ట్రక్టర్‌కి టాండెం రేటింగ్ (టాండెం చేయించే అర్హత) ఉందా అని అడగడం కూడా మీ హక్కే. అమెరికా పారాచూట్ సంఘం ఆ రేటింగ్ ఇవ్వాలంటే కనీసం 500 జంపులు, మూడేళ్ళ అనుభవం ఉండాలి.

కృష్ణలంక కుర్రాడు:

ఒంటరిగా దూకాలంటే?

గాలివాటం (తాడేపల్లి):

దానికి ఏఎఫ్ఎఫ్ (యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్) అనే శిక్షణ ఉంది. నేల మీద దాదాపు ఒక రోజు పాఠం, తరవాత ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరోపక్కా పట్టుకుని దూకుతారు, మీ పారాచూట్ మీరే తెరవాలి. అమెరికాలో మొదటి మెట్టైన ఎ లైసెన్సుకి 25 జంపులు కావాలి. ముందు ఆర్చ్ ఒంటబట్టాలంటే హైదరాబాద్‌లో ఇండోర్ స్కైడైవింగ్ టన్నెల్ ఉంది, కింది నుంచి వచ్చే గాలి మీద తేలడమే. టాండెంకి ముందు అది తప్పనిసరి కాదు.

అరండల్‌పేట అమ్మాయి (గుంటూరు):

అందరికీ చాలా థాంక్స్ అండీ. మూడు రింగుల సంగతి అమ్మకి చదివి వినిపించాను, బొమ్మ గీసి చూపించమంది. ఇంట్లో ముందే సాధన చేయగలిగింది ఏమైనా ఉందా?

గాలివాటం (తాడేపల్లి):

ఉందమ్మా. చేతులు లేని కుర్చీ అంచున కూర్చోండి. వీపు వెనక్కి ఆనకూడదు. రెండు మోకాళ్ళూ ఛాతీ వైపు లాగి, పాదాలు తుంటి ఎత్తుకి వచ్చేలా కాళ్ళు ముందుకి చాపి పది లెక్కపెట్టండి. మోకాళ్ళ కింద చేతులతో పట్టుకోవచ్చు. రోజుకి అయిదుసార్లు, ఇప్పటి నుంచీ వెళ్ళే దాకా. అన్నయ్య బూట్లు వేసుకునే చేయాలి, బరువు తేడా తెలుస్తుంది. పది దాకా ఆపలేకపోతే బుక్ చేసేటప్పుడే వాళ్ళకి చెప్పండి. ఇంకోటి, మంచం మీద బోర్లా పడుకుని తొడల కింద దిండు పెట్టుకుని తల, మోకాలి కింది భాగం పైకి లేపితే ఆర్చ్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. అమ్మగారిని పక్కన నిలబెట్టి "కాళ్ళు పైకి" అని కేకేయమనండి. ఆ మాట వినగానే ఆలోచించకుండా కాళ్ళు లేవాలి.